మహమ్మారి రోజుల్లో ఆపరేషన్: సర్జన్‌తో కలిసి నిర్ణయం తీసుకోవడం ఎలా

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక, అప్పటికే ఆపరేషన్ తేదీ ఖరారైన చాలామందికి ఆసుపత్రి నుంచి ఒకే రకం ఫోన్ వచ్చింది: "ఇప్పుడు కాదండీ, కరోనా తగ్గాక రండి." ఎన్నాళ్లకు తగ్గుతుంది, ఈలోగా నొప్పి ముదిరితే ఎక్కడికి వెళ్లాలి, ఏ మందు వాడాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ఆ మాటలో లేదు. రోగి ఇంటివాళ్లు కూడా "మీరెలా అంటే అలా డాక్టరు గారూ, మీ చేతుల్లో పెట్టాం" అని ఊరుకున్నారు. మామూలు రోజుల్లో ఆ నమ్మకంతో పని నడిచిపోతుంది. మహమ్మారి వచ్చినప్పుడు నడవదు. ఇంట్లో ఎవరికి జ్వరం ఉందో, ఆపరేషన్ తర్వాత చూసుకునే మనిషి ఉన్నారో లేదో సర్జన్‌కి తెలియదు. ఐసీయూలో బెడ్ ఉందో లేదో, ఆక్సిజన్ ఎన్నాళ్లకు సరిపోతుందో రోగికి తెలియదు. ఇద్దరి దగ్గరున్న సమాచారం ఒకచోటికి చేరితే తప్ప సరైన నిర్ణయం కుదరదు.

ఇంకొక మాట ముందే చెప్పాలి. వాయిదా వేయడమూ వైద్యమే. మందుకు మోతాదు, గడువు ఉన్నట్టే వాయిదాకూ తేదీ ఉండాలి, జాగ్రత్తలు ఉండాలి, ఏ గుర్తు కనిపిస్తే ఆపేయాలో తెలియాలి. ఇవేవీ లేకుండా "తర్వాత చూద్దాం" అంటే రోగిని గాలికి వదిలేసినట్టే.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం

మహమ్మారిలో ఓపీ సమయం తగ్గిపోతుంది, ఫోన్లో అయితే పది నిమిషాలు దొరకడమే ఎక్కువ. అందుకే ఒక తెల్లకాగితం మీద ఇవి ముందే రాసుకోండి: జబ్బు పేరు, ఎప్పటి నుంచి, గత నెలలో ఎన్నిసార్లు నొప్పి వచ్చింది, ఒక్కోసారి ఎంతసేపు ఉంది. వాడుతున్న మందులన్నీ మోతాదుతో సహా, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు (ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి). బీపీ, మూడు నెలల షుగర్ సగటు, హిమోగ్లోబిన్. కోవిడ్ వచ్చి ఉంటే పాజిటివ్ వచ్చిన తేదీ, ఆక్సిజన్ పెట్టారా లేదా, ఇప్పటికీ ఆయాసం ఉందా. టీకా తేదీలు. ఇంటి నుంచి ఆసుపత్రికి ఎంత దూరం, రాత్రిపూట బండి దొరుకుతుందా.

చివరి రెండూ చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ నిర్ణయాన్ని తిప్పేసేవి అవే. ఆసుపత్రి పక్క వీధిలో ఉండే మనిషికి "ఆగి చూద్దాం" అన్నది క్షేమమైన సలహా. ఏజెన్సీలో, రోడ్డుకు పది కిలోమీటర్ల లోపల ఉండే మనిషికి అదే సలహా ప్రమాదం కావచ్చు.

రిపోర్టులను వాట్సాప్‌లో పంపాలంటే పగటి వెలుతురులో, బల్ల మీద చదునుగా పెట్టి, ఒక్కో పేజీని విడిగా ఫొటో తీయండి. పేరు, తేదీ ఉన్న పైభాగం తెగిపోతే ఆ రిపోర్టు ఎవరిదో, ఎప్పటిదో తేలదు. తరచూ జరిగే పొరపాటు ఇదే. స్కాన్ ఫిల్మును ట్యూబులైటుకి అడ్డంపెట్టి తీసిన ఫొటోతో సర్జన్ ఏమీ తేల్చలేరు. స్కాన్ సెంటర్‌లో సీడీ గానీ లింకు గానీ అడిగి తీసుకోండి.

మొదటి ప్రశ్న: ఎన్నాళ్లు ఆగొచ్చు?

"ఆపరేషన్ అవసరమా?" అని అడిగితే "అవసరమే" అన్న జవాబు వస్తుంది, దానితో పని జరగదు. "ఎన్నాళ్లు ఆగొచ్చు?" అని అడగండి. 2020లో బ్రిటన్ శస్త్రచికిత్స సంఘాలు ఆపరేషన్లను ఇలా మెట్లుగా విడదీశాయి: 24 గంటల్లోపు, 72 గంటల్లోపు, 4 వారాల్లోపు, 3 నెలల్లోపు, 3 నెలలు దాటినా ఫర్వాలేనివి. "డాక్టరు గారూ, నాది వీటిలో ఏ మెట్టు? ఏమి జరిగితే పై మెట్టుకి ఎక్కుతుంది?" అని అడిగితే సర్జన్ ఆలోచన బయటికి వస్తుంది. మోకాలి మార్పిడి సాధారణంగా చివరి మెట్టులో ఉంటుంది. చాలా క్యాన్సర్ ఆపరేషన్లు 4 వారాల మెట్టులో ఉంటాయి.

కొన్నిటికి చర్చే వద్దు. పేగు మెలిపడి కడుపు ఉబ్బి వాంతులవడం, హెర్నియా గట్టిపడి లోపలికి పోకపోవడం, ట్యూబులో నిలిచిన గర్భం పగలడం, కాలికి రక్తం ఆగి చల్లబడటం, ఎముక విరిగి బయటికి రావడం, మగపిల్లల్లో వృషణం మెలిపడటం. చివరిదానికి దాదాపు 6 గంటలే గడువు. కరోనా భయంతో ఇలాంటి నొప్పులను ఇంట్లోనే ఓర్చుకుని, అపెండిక్స్ పగిలాక ఆసుపత్రికి చేరినవాళ్లు 2020లో చాలా దేశాల్లో కనిపించారు. వైరస్ భయం ఎంత ఉన్నా ఈ జాబితాలో ఉన్నవాటికి ఇల్లు కదలాల్సిందే.

వాయిదా ఎవరి మేలు కోసం?

ఈ ప్రశ్న అడగడానికి రోగులు మొహమాటపడతారు, చెప్పడానికి సర్జన్లు ఇబ్బంది పడతారు. అయినా అడగాలి. వాయిదాకు రెండు రకాల కారణాలు ఉంటాయి. ఒకటి రోగి మేలు: ఇటీవలే కోవిడ్ వచ్చింది, ఇప్పుడు మత్తు ఇస్తే ఊపిరితిత్తులకు ముప్పు. రెండోది ఆసుపత్రి పరిస్థితి: బెడ్లు లేవు, మత్తు డాక్టర్లను కోవిడ్ వార్డుకు పంపారు, ఆక్సిజన్ చాలదు. రెండోదీ న్యాయమైన కారణమే. కానీ దాన్ని మొదటిదిగా చెప్పకూడదు.

సర్జన్లకు ఒక మనవి. "మీకోసమే ఆపుతున్నాం" అనే బదులు ఇలా చెప్పండి: "మీకు ఇప్పుడే చేస్తే మంచిదని నా అభిప్రాయం. కానీ ఈ రెండు వారాలు మా దగ్గర ఐసీయూ బెడ్ ఖాళీ లేదు. మీరు ఆగవచ్చు, లేదా బెడ్ ఉన్న ఇంకో ఆసుపత్రికి పంపిస్తాను." అప్పుడు రోగికి మరో దారి ఉందని తెలుస్తుంది. అసలు కారణం దాచేస్తే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

మూడు దారులు పరుచుకోవడం

ఇప్పుడే చేయించుకోవడం, ఆగడం, వేరే వైద్యం. ఏ జబ్బుకైనా ఈ మూడింటినీ సర్జన్ చేత పక్కపక్కన చెప్పించుకోండి. ఆ మూడోది ఉందని చాలామందికి తెలియదు.

మనవాళ్లు 24 గంటల కడుపునొప్పి అనే అపెండిసైటిస్ తీసుకోండి. 2020 అక్టోబరులో అమెరికాలో వెలువడిన 1,552 మంది పరిశోధనలో సగం మందికి 10 రోజుల యాంటీబయాటిక్ ఇచ్చారు. 90 రోజుల్లోపు వాళ్లలో 100కి 29 మందికి చివరికి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. స్కాన్‌లో అపెండిక్స్ లోపల రాయి కనిపించినవాళ్లలో 100కి 41 మందికి, లేనివాళ్లలో 100కి 25 మందికి. కాబట్టి "మందులతో చూద్దామా?" అన్న చర్చలో మొట్టమొదట అడగాల్సింది "రాయి ఉందా?" అని. పగిలిన అపెండిక్స్‌కి ఈ లెక్క వర్తించదు. ఫిన్లాండ్‌లో ఇలాగే మందులతో నయమైనవాళ్లను 5 ఏళ్లు గమనిస్తే 100లో 39 మందికి నొప్పి తిరగబెట్టింది. కొందరికి ఇది పెద్ద అంకె. మహమ్మారి ఉధృతంగా ఉన్న నెలను దాటడమే లక్ష్యమైనవాళ్లకు చిన్నదే.

గజ్జల్లో హెర్నియా ఉండి, పెద్దగా బాధ లేని మగవాళ్లు ఆగితే హఠాత్తుగా ఇరుక్కుపోయే ప్రమాదం 1000 మందికి ఏడాదికి ఇద్దరి లోపే అని అమెరికాలో జరిగిన అధ్యయనం తేల్చింది. ఆడవాళ్లలో తొడ మొదట్లో వచ్చే హెర్నియా వేరు. అది తేలిగ్గా ఇరుక్కుంటుంది, ఆగకూడదు. రెంటినీ "హెర్నియా" అనే ఒక్క మాటతో సరిపెడితే నిర్ణయం తప్పుతుంది.

రొమ్ము క్యాన్సర్‌లో హార్మోన్ పాజిటివ్ (ఒంట్లోని హార్మోన్ల వల్ల పెరిగే) రకానికి ఆపరేషన్ కుదరని కొన్ని నెలలు టామోక్సిఫెన్, లెట్రోజోల్ లాంటి మాత్రలతో గడ్డను అదుపులో పెట్టవచ్చు. 2020లో చాలా కేంద్రాలు ఈ పద్ధతి పాటించాయి. దానికి సూది బయాప్సీలో హార్మోన్ పరీక్షల రిపోర్టు చేతిలో ఉండాలి. ఆ రిపోర్టు లేకుండా మాత్రలు మొదలుపెట్టడం చీకట్లో రాయి విసరడమే. గడ్డల వల్ల నెలసరి ఎక్కువై గర్భసంచి తీయించుకోవాలనుకునేవాళ్లకు రక్తస్రావం తగ్గించే మాత్రలు, హార్మోన్ లూప్, ఐరన్ ఉన్నాయి. 45 దాటితే ముందు లోపలి పొర బయాప్సీ చేసి క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి.

ఆపరేషన్ ఇప్పుడే అనుకుంటే మత్తు డాక్టరుతో కూడా మాట్లాడాలి. గొంతులో గొట్టం వేయకుండా నడుముకి ఇచ్చే మత్తుతో చేయవచ్చా అని అడగండి. ఊపిరితిత్తులు నీరసంగా ఉన్నవారికి, గదిలో ఉన్న సిబ్బందికి కూడా అది మేలు.

అంకెలు ఎలా అడగాలి

"రిస్క్ ఉందా?" అంటే "ప్రతి ఆపరేషన్‌కీ ఉంటుంది" అనే జవాబు వస్తుంది. "నాలాంటి వాళ్లు 100 మంది చేయించుకుంటే ఎంతమందికి ఇబ్బంది? ఆగితే ఎంతమందికి?" అని అడగండి.

కోవిడ్ తగ్గాక ఎన్ని వారాలకు ఆపరేషన్ అనే ప్రశ్నకు 116 దేశాల్లో 1,40,231 మందిని పరిశీలించిన అధ్యయనం ఉంది. 30 రోజుల్లోపు మరణాలు కోవిడ్ రానివారిలో 1000కి 15. కోవిడ్ సోకిన 2 వారాల్లోపు చేయించుకున్నవారిలో 41, 3 నుంచి 4 వారాల్లో 39, 5 నుంచి 6 వారాల్లో 36. 7 వారాలు దాటాక మళ్లీ 15కి దిగింది. అయితే 7 వారాలు దాటినా ఆయాసం, దగ్గు తగ్గనివారిలో 60. అందుకే సర్జన్‌కి తేదీ ఒక్కటే చెప్పి ఊరుకోకండి, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా లేదా కూడా చెప్పండి. ఈ అంకెలు 2020 అక్టోబరులో జరిగిన ఆపరేషన్లవి, టీకాలకు ముందువి. టీకా వేసుకున్నవారికి, తర్వాతి రకం వైరస్‌కి వీటిని యథాతథంగా అంటగట్టకూడదు. రేపు కొత్త మహమ్మారి వస్తే దాని లెక్క దానిదే.

శాతాల దగ్గర ఇంకో తికమక ఉంది. క్యాన్సర్ ఆపరేషన్ 4 వారాలు ఆలస్యమైతే మరణ ముప్పు 6 నుంచి 8 శాతం పెరుగుతుందని 2020లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష చెప్పింది. ఇది విని "100లో 8 మంది అదనంగా పోతారు" అనుకుంటారు. అలా కాదు. 100లో 20 మందికి ప్రాణాపాయం ఉన్న జబ్బయితే అది సుమారు 21 అవుతుంది. 4 వారాలకు ఒకరు తేడా. 12 వారాలైతే తేడా ఇంకా పెరుగుతుంది. భయపెట్టడానికీ, తేలిగ్గా కొట్టిపారేయడానికీ ఒకే అంకెను వాడొచ్చు, అందుకే "మొదట ఎంత, తర్వాత ఎంత" అని రెండు అంకెలూ అడగాలి.

బొమ్మ గీసి మాట్లాడటం

పెద్ద వయసువారికి, గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి అంకెల కంటే బొమ్మ బాగా పనిచేస్తుంది. అమెరికాలో విస్కాన్సిన్ సర్జన్లు వాడకంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఒక కాగితం మీద ఒక్కో దారికి ఒక నిలువు గీత. గీత పైకొసన నక్షత్రం: అన్నీ కలిసొస్తే ఎలా ఉంటుంది. కింది కొసన చతురస్రం: అన్నీ ఎదురు తిరిగితే ఎలా ఉంటుంది. మధ్యలో ఎక్కడో గుడ్డు ఆకారం: ఎక్కువగా జరిగేది. ఒక్కోదాని పక్కన కథలా రెండు వాక్యాలు. "అయిదో రోజు ఇంటికి, నెలకి సొంతంగా నడక." "వెంటిలేటర్, వారాలు ఐసీయూలో, లోపలికి ఎవరినీ రానివ్వరు." ఎక్కువ సర్జన్లు చేసే తప్పు గుడ్డును గీయకపోవడం. అది లేకపోతే ఇంటివాళ్లు నక్షత్రం మీదే ఆశ పెట్టుకుంటారు.

ఆ తర్వాత రోగిని అడగాల్సింది: "ఈ దారుల్లో మీరు దేన్ని భరించగలరు, దేన్ని అసలు వద్దంటారు?" ఒకరికి నొప్పి లేకుండా నిద్రపోవడం ముఖ్యం. ఒకరికి నాట్ల కాలం దాటేలోపు లేచి తిరగడం ముఖ్యం. ఒకరికి ఒంటరిగా ఐసీయూలో ఉండటమే అన్నిటికంటే పెద్ద భయం. ఇవి వైద్యానికి బయటి సంగతులు కావు, దారి ఎంచేది వీటితోనే.

మన ఇళ్లలో "అమ్మకు చెప్పకండి డాక్టరు గారూ" అనడం మామూలు. మహమ్మారిలో ఇది ఇంకా హాని చేస్తుంది. అటెండెంట్‌ను లోపలికి రానివ్వని వార్డులో ఆమె ఒంటరిగా ఉంటుంది. తనకేమైందో తెలియని మనిషి నర్సుకి ఏమి చెప్పగలదు? ముందు ఆమెనే అడగండి: "మీ జబ్బు సంగతి ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారు? మీ తరఫున ఎవరితో మాట్లాడమంటారు?" ఆమె "మా పెద్దాడితో మాట్లాడండి" అంటే అది ఆమె నిర్ణయం. అడగకుండా దాచడం వేరు.

ఫోన్లో, వీడియోలో

కేంద్ర ప్రభుత్వం 2020 మార్చి 25న ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రోగే కాల్ మొదలుపెడితే సమ్మతి ఉన్నట్టే లెక్క. డాక్టరు వైపు నుంచి కాల్ వస్తే రోగి సమ్మతిని మెసేజ్‌గానో ఆడియోగానో తీసుకుని నమోదు చేయాలి. ప్రిస్క్రిప్షన్ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి.

కాల్‌లో రోగి తప్పనిసరిగా ఉండాలి. కొడుకు డాలస్‌లో, కూతురు బెంగళూరులో, రోగి తెనాలిలో ఉంటే మాటంతా కొడుకుతోనే నడిచి రోగి గొంతే వినిపించదు. అందరికీ కలిసొచ్చే వేళ మన రాత్రి 7:30, వేసవిలో డాలస్‌లో అది ఉదయం 9, చలికాలంలో 8. మొదటి అయిదు నిమిషాలు రోగికే వదలండి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఉంటే కాల్ సమయానికి ఆయన చేత బీపీ, నాడి, వేలికి పెట్టే మీటరుతో ఆక్సిజన్ శాతం చూపించి చెప్పించండి. కడుపు నొక్కి చూడాల్సిన నొప్పిని, గడ్డ తడిమి చూడాల్సిన జబ్బును ఫోన్లో తేల్చడం కుదరదు. వాటికి ఒక్కసారైనా నేరుగా వెళ్లాలి.

మాట ముగిసేముందు సర్జన్ అడగాల్సింది: "నేను సరిగా చెప్పానో లేదో చూసుకోవాలి. ఇంటికెళ్లి మీవాళ్లకు ఏమని చెప్తారో నాకొకసారి చెప్పండి." "అర్థమైందా?" అని అడిగితే అందరూ తల ఊపుతారు. మాస్కులు, పీపీఈ కిట్ల వల్ల వినికిడి తగ్గినవాళ్లు పెదవులు చూసి గ్రహించే అవకాశం పోతుంది. వాళ్లకు పలకమీదో కాగితం మీదో పెద్ద అక్షరాలతో రాసి చూపించండి.

సంతకం, తొందర, బ్లాక్ ఫంగస్

రోగి పెద్దవాడై, స్పృహలో ఉండి, ఆలోచించగలిగినప్పుడు సంతకం రోగిదే. సుప్రీంకోర్టు 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో ఇది తేల్చి చెప్పింది: పరీక్ష కోసం ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు చెల్లదు, రోగి మత్తులో ఉండగా తల్లి ఇచ్చిన అనుమతీ చెల్లదు. ప్రాణం కాపాడటానికి అప్పటికప్పుడు చేయాల్సింది మాత్రమే మినహాయింపు. మహమ్మారిలో ఆ పత్రంలో అదనంగా మూడు ఉండాలి: ఆసుపత్రిలోనే వైరస్ సోకవచ్చన్న సంగతి, ఆపరేషన్ రోజు పాజిటివ్ వస్తే ఏమి చేస్తారో, చూడటానికి ఎవరిని రానిస్తారో. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివించుకోండి. నెల క్రితం చేసిన సంతకాన్ని ఆపరేషన్ ముందు రోజు మళ్లీ మాట్లాడి ఖాయం చేసుకోవాలి, ఈలోగా పరిస్థితి మారి ఉంటుంది.

తీరికగా మాట్లాడే వ్యవధి లేనప్పుడు ఇదంతా ఎలా? 2021 మే నెలలో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి బ్లాక్ ఫంగస్ (ముక్కు నుంచి దవడకు, కంటికి పాకే ఫంగస్ జబ్బు) రోగులతో నిండిపోయినప్పుడు కుటుంబాలకు ఎదురైన ప్రశ్న: కన్ను తీసేయాలా? ఇలాంటిచోట గంటలోపు తేల్చుకోవాల్సినవి నాలుగు. ఆ కంటికి వెలుతురైనా తెలుస్తోందా. స్కాన్‌లో ఫంగస్ కంటి వెనక ఎంతవరకు పాకింది. కన్ను ఉంచి, వెనక మందు ఇంజెక్షన్ ఇచ్చి చూసే వీలుందా. మందు చేతిలో ఉందా. ఈ ఫంగస్‌కు ఇచ్చే లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ మోతాదు రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు, 60 కిలోల మనిషికి 300, అంటే 50 మిల్లీగ్రాముల వయల్స్ రోజుకు 6. అవి దొరకక జనం ఊళ్లు తిరిగారు. మందు సరఫరా ఖాయం కాకుండా, షుగర్ అదుపులోకి రాకుండా కోత ఒక్కటే ఫంగస్‌ను ఆపలేదు కాబట్టి ఆపరేషన్ చర్చలోనే "వయల్స్ ఎన్ని రోజులకు ఉన్నాయి?" అన్నది రావాలి. కన్ను తీస్తే ప్రాణం తప్పక దక్కుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఆ మాట ముందే చెప్పాలి.

ముక్కు శుభ్రం చేయడం, పైదవడ తీయడం, కన్ను తీయడం, ఈ మూడూ ఒకే సంతకం కింద కలిపేయకూడదు. "లోపల దవడ దాకా పాకినట్టు కనిపిస్తే అప్పుడే తీసేయమంటారా, లేక లేపి అడగమంటారా?" అని ముందే మెట్టుమెట్టుగా అడిగి, జవాబు రాసుకుంటే థియేటర్ బయట అర్ధరాత్రి గందరగోళం తప్పుతుంది.

వాయిదా చీటీ

ఆగాలని నిర్ణయమైతే అక్కడినుంచి ఖాళీ చేతులతో రాకండి. పిత్తాశయంలో రాళ్లకు ఒక చీటీ ఇలా ఉంటుంది:

"మెట్టు: 3 నెలల్లోపు. ఆగడానికి కారణం: 3 వారాల క్రితం కోవిడ్. ఈలోగా: వేపుళ్లు, నూనె తగ్గించాలి, బీడీ ఈరోజు నుంచే మానాలి, షుగర్ మాత్ర మార్చాం. వెంటనే రావాల్సిన గుర్తులు: నొప్పి 5 గంటలు దాటినా తగ్గకపోవడం, చలిజ్వరం, కళ్లు పచ్చబడటం, వీపులోకి పొడిచే నొప్పితో ఆగని వాంతులు. వారంలో రెండుసార్లకు మించి నొప్పి వస్తే: ఫోన్ చేయాలి, మెట్టు మార్చాలి. మళ్లీ చూసే తేదీ: ఈరోజు నుంచి 28వ రోజు. ఫోన్: పగలు ఈ నంబరు, రాత్రి ఈ నంబరు."

పొగ మానడానికి ఆపరేషన్‌కు కనీసం 4 వారాల ముందు మొదలుపెడితే గాయం మానడంలో, ఊపిరితిత్తుల్లో తేడా కనిపిస్తుంది. వాయిదా వల్ల దొరికిన రోజులను దీనికి, హిమోగ్లోబిన్ పెంచుకోవడానికి, రోజూ అరగంట నడకకు వాడుకోండి. ఆరోగ్యశ్రీ కింద అనుమతి వచ్చి ఉంటే అది ఎన్నాళ్లు చెల్లుతుందో, మళ్లీ పెట్టాలా అన్నది ఆసుపత్రి కౌంటర్‌లోని ఆరోగ్యమిత్రను ఆ రోజే అడగండి.

చీటీలో రాసిన రాత్రి నంబరుకు ఆసుపత్రి గేటు దాటకముందే ఒకసారి రింగ్ ఇచ్చి, ఎవరు ఎత్తుతున్నారో చూసుకోండి. చీటీని ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లకూ పంపండి. 28వ రోజు ఆసుపత్రి నుంచి ఫోన్ రాకపోతే 29వ రోజు ఉదయం మీరే చేయండి.